సీసాలో గంజి

మా అమ్మాయి చదివే బడి నల్లగండ్లలో ఉంది. పోయిన నెల అక్కడికి పోలీసువాళ్లు వచ్చి మత్తుపదార్థాల గురించి పిల్లలకూ పెద్దలకూ కలిపి ఒక క్లాసు చెప్పారు. నాతోపాటు మా నాయిన కూడా బయల్దేరాడు. మనవరాలి బడి అంటే చాలు, ఇస్త్రీ చొక్కా తీస్తాడాయన. చల్లటి హాలు, గోడంత తెర, ముందు వరుసలో కుర్చీలు. చిన్న వయసు ఎస్సై అమ్మాయి, చేతిలో మైకు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చక్కగా మాట్లాడింది. చివరలో ఒక మాట అంది: "ఇంట్లో ఎవరికైనా ఈ అలవాటుందని తెలిస్తే, దయచేసి మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి. ప్రాణం మీదికొస్తుంది. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి." అందరూ తలలూపారు. "మంచిగ చెప్తున్నది పోరి" అని నాయిన నా మోచేతిని పొడిచాడు. నేను లేచి బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఇంత చిన్న మాట! నా పన్నెండో ఏట ఈ మాట ఎవరో ఒకరు చెప్పి ఉంటే ఏం పోయేది? మళ్లీ అనిపించింది, చెప్పి ఉంటే మాత్రం నేను వినేదాన్నా అని. నాకేదీ తేలదు. ఇరవై ఏళ్లు దాటినా తేలలేదు, ఇప్పుడు రాయడం మొదలుపెడితే తేలుతుందన్న ఆశ కూడా లేదు.

ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు మాకు జొన్నచేను ఉండేది. గొప్పకు చెప్పడం లేదు, ఏడుపూ కాదు. మాదాపూర్‌కి అవతల మీ ఊరు ఎటువైపు అని ఎవరైనా అడిగితే ఎటు చెయ్యి చూపాలో తెలియక తికమకపడుతుంటాను, అందుకే చెబుతున్నాను. నాకు బాగా జ్ఞాపకం ఉన్న కాలానికి చేను పోయింది, చేను గట్టున ఈతచెట్లు పోయాయి, గట్టు మీది పోచమ్మ రాయిని కూడా తవ్వి తెచ్చి మా ఇంటి వెనక వేపచెట్టు మొదట్లో పెట్టుకున్నాం. రోడ్డు కోసం బండలు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం ఈల మోగిందంటే మా అమ్మ ఏ పనిలో ఉన్నా పరుగెత్తుకొచ్చి గూట్లోని గాజు గ్లాసులు తీసి నేల మీద పెట్టేది. ఢామ్మని మోగాక మళ్లీ పైన పెట్టేది. ఇది మాకు అన్నం వార్చడం, వాకిలి ఊడవడం లాంటి రోజువారీ పని అయిపోయింది. నాయిన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనికి కుదిరాడు. సాయంత్రం ఆయన వస్తే మిషన్ నూనె వాసన ముందు వచ్చేది. చొక్కా దులిపితే ఇనుప రజను రాలేది. నాయనమ్మ ముక్కు మూసుకుని, "చేన్ల నుంచి వస్తే మట్టి వాసన వస్తుండె. గిదేం వాసనరా కొడకా, బండి కింద పన్నట్టు" అనేది. ఆయన నవ్వుతూ ఆమె పక్కనే కావాలని కూర్చునేవాడు.

మా నాయనమ్మ మాటలో, నడకలో గట్టి మనిషి. ఎండిన కందికట్టెలా ఉండేది గానీ నీళ్ల బిందె రెండో మనిషి చెయ్యి సాయం లేకుండా నెత్తికెత్తుకునేది. పొద్దున గుడాకుతో పళ్లు తోముకుంటూ ఊరందరి సంగతులూ చెప్పేది, మధ్యాహ్నం జొన్నరొట్టె పచ్చిపులుసులో ముంచుకుని తినేది, పొద్దుగూకే వేళకు గడప పక్కన గోడకు ఆనుకుని, గిన్నెలో ఉడికించిన శనగ గుడాలు పెట్టుకుని, ఒక సీసా కల్లు తాగేది. ఒకటే సీసా. చేను పని చేసిన రోజుల నుంచి ఉన్న అలవాటు. కల్లు చలువ చేస్తది, ఒళ్లునొప్పులు తీస్తది అనేది. మా ఇంట్లో దాన్ని ఎవరూ తాగుడు అనుకోలేదు. గుడుంబ సారా తాగితే తాగుడు. కల్లు అన్నంలో భాగం, పండుగనాడు పోచమ్మ ముందు నేల మీద సాక పోసేదీ అదే. ఈతచెట్లున్నప్పుడు గౌడాయన చెట్టు దించి చేను దగ్గరికే తెచ్చి పోసేవాడు. చెట్లు పోయాక ఊరి చివర రేకుల షెడ్డులో కల్లు కాంపౌండు వచ్చింది. అక్కడి నుంచి సీసా తేవడం నా పని. బడి నుంచి వస్తూ తెచ్చేదాన్ని, పుస్తకాల సంచీలో తెలుగువాచకం పక్కన నిలబెట్టి. మా క్లాసులో సగం మంది పిల్లలు ఇలాగే తెచ్చేవాళ్లు, అందులో వింతేమీ లేదు.

అలాంటి రోజుల్లో మా బడికి ఎస్సై గారు వచ్చారు. ఆరు శనివారాలు, చివరి రెండు పీరియడ్లు. గోదావరి వైపు మనిషి. పల్చటి మీసం, మెత్తటి గొంతు. మా ఊళ్లో పోలీసు జీపు వచ్చిందంటే కోళ్లు కూడా దాక్కునేవి, ఈయనేమో మమ్మల్ని "అమ్మా, నాన్నా" అని పిలిచేవాడు. చేతిలో టైపు కొట్టిన కాగితాల ఫైలు ఒకటి ఉండేది, అందులో చూసి చెప్పేవాడు. మొదటి శనివారం కొట్లాటల గురించి. కోపం వస్తే కళ్లు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టమన్నాడు. సోమవారం నుంచి మా బడిలో మగపిల్లలు ఒకడి కాలరు ఒకడు పట్టుకుని గట్టిగా పది దాకా లెక్కపెట్టి, పదో అంకెకు గుద్దుకోవడం మొదలుపెట్టారు. రెండో శనివారం తెల్లపొడి గురించి. పొడి ఒంట్లో నరనరానికీ పాకినట్టు బోర్డు మీద బొమ్మ గీశాడు. "సున్నం లెక్క ఉంటదా సార్?" అని ఒకడు అడిగాడు. దాన్ని మాకిచ్చేవాడు ఎలా ఉంటాడు, మేము వద్దని ఎలా అనాలి అని నాటకం వేయించాడు. నేను వద్దని అనాల్సిన పిల్లను. నాకు ఇచ్చేవాడు సుద్దముక్క చాచి "తీస్కో" అన్నాడు. నేను అలవాటు కొద్దీ తీసుకుని "థాంక్స్" అన్నాను. బడంతా నవ్వింది. ఎస్సై గారు కూడా నవ్వి, "పర్లేదమ్మా, మళ్లీ చేద్దాం" అన్నారు. మంచివాడు. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు ఆయన మీద కోపం తెచ్చుకోవాలని నేను చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

మూడో శనివారం వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు: "సార్, కల్లు గూడ మత్తేనా?" మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు.

"చెట్టు మీద నుంచి దించిన కల్లు సంగతి వేరు నాన్నా. మీ ఊళ్లో చెట్లెక్కడున్నాయి? ఆ షెడ్డులో అమ్మేది కల్లు కాదు. నీళ్లలో పొడులు కలిపి నురగ తెప్పిస్తున్నారు. ఆ పొడి మత్తుమందే. అమ్మడం నేరం. అది తెలిసీ తెచ్చిపెట్టడం కూడా తప్పే."

ఆయన ఫైలులో చూసి మళ్లీ అన్నాడు: "మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే మీరే మాన్పించాలి. మానేటప్పుడు గోల చేస్తారు. చేతులు వణుకుతున్నాయంటారు, నిద్ర పట్టట్లేదంటారు. మీరు కరిగిపోకండి. నాలుగు రోజులు గట్టిగా నిలబడితే అదే పోతుంది." తర్వాత అందరం లేచి, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేశాం. మత్తుపదార్థాన్ని ముట్టను, ముట్టనివ్వను. ఆ చేత్తోనే రోజూ సీసా తెస్తున్నానని నాకు మధ్యలో గుర్తొచ్చింది, చెయ్యి దించేశాను.

ఆ రోజు సీసాతో వస్తుంటే జీపు ఎదురైంది. ఎస్సై గారు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. సంచీ గుండెలకు హత్తుకుని నేనూ ఊపాను. అప్పుడు నా బుర్రలో నడిచిన లెక్క ఇప్పుడు తలచుకుంటే జాలేస్తుంది. నాయనమ్మకు చెబితే వినదు. నాయినకు చెబితే, "పోలీసోనికేం ఎరుక మన కల్లు సంగతి?" అంటాడు. అమ్మకు చెబితే అమ్మ కూడా తెలిసిన మనిషి అవుతుంది. తెలిసిన వాళ్లందరిదీ తప్పే అన్నాడు గదా! రేపు జీపు మా వాకిట్లో ఆగితే ముగ్గుర్నీ ఎక్కించుకుపోతారు. కాబట్టి ఎవరికీ తెలియకూడదు, నాయనమ్మ మానాలి. ఆదివారం నుంచే మొదలుపెట్టాను. కాంపౌండులో సీసా నింపించుకుని గోడ వెనక పారబోశాను. అమ్మ దూడ కోసం కుండలో దాచే పులిసిన గంజిని నీళ్ల డబ్బాలో పోసుకుని వెళ్లాను, దాన్ని నీళ్లతో పల్చన చేసి సీసాలోకి వంచాను. అదే తెలుపు, అదే పులుపు వాసన. ఊపితే కాస్త నురగ కూడా వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాయనమ్మ ఒక గుటక తాగింది. ఆగింది. సీసా వెలుతురుకు పెట్టి చూసింది. నా వంక చూసింది, వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న నాయిన వంక చూసింది. గుడాలు నములుకుంటూ మొత్తం తాగేసింది. ఆమెకు తెలియనేలేదని నేను ఎగిరి గంతేశాను.

సోమవారం పొద్దున ఆమె చాయ్ గ్లాసు పట్టుకోలేక చీర మీద ఒలకబోసుకుంది. కన్ను మూతపడలేదంది. చెమటలు పట్టాయి. ఎస్సై గారు చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది! నాకు భయం కాదు, ఆశ్చర్యం వేసింది, కొంచెం గర్వం కూడా. గట్టిగా నిలబడాలి అనుకున్నాను. మంగళవారం బడి నుంచి వచ్చేసరికి ఆమె గోడ మీద చీమల్ని ఏరుతోంది. గోడ మీద చీమల్లేవు. "దున్నపోతులు చేన్ల పడ్డయ్, కొట్టుండ్రి, కొట్టుండ్రి" అని అరుస్తూ, లేని చేను వైపు పరుగెత్తబోయింది. నాయిన పనికి పోకుండా ఆమెను పట్టుకుని కూర్చున్నాడు. పక్కింటి ముత్తమ్మ వచ్చి చూసి రెండు చేతులూ జోడించింది.

"అమ్మవారే వచ్చింది. ఎట్ల రాదు? పోచమ్మను గట్టు మీదికెల్లి లేపి తెచ్చిండ్రు. ఒక్కనాడన్న సాక పోసిండ్రా?"

మా వాళ్లకు అంతా అర్థమైపోయింది. అమ్మ తలస్నానం చేసి, తనే వెళ్లి కల్లు తెచ్చి, వేపచెట్టు కింద రాయి చుట్టూ పోసింది. మిగిలింది తీర్థంలా నాయనమ్మ చేత తాగించింది. ముత్తమ్మ పసుపునీళ్లు చల్లింది. గంట తిరక్కుండా నాయనమ్మ నెమ్మదించింది. "కాళ్లు గుంజుతున్నయే" అంది మామూలు గొంతుతో, పడుకుని గురకపెట్టింది. నాయిన అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందరికీ అమ్మవారి మహిమ కనబడింది. నాకేమో ఎస్సై గారు బోర్డు మీద గీసిన బొమ్మ కనబడింది. పొడి ఎంత లోతుకు పాకిందో చూశావా, లొంగితే పని చెడుతుంది అనుకున్నాను. బుధవారం సాయంత్రం మళ్లీ గంజే పోశాను. ఆమె మళ్లీ తాగింది. నేను ఈ వాక్యం రాయకుండా దాటేయాలని రెండు రోజులు చూశాను. మంగళవారం దాకా తెలియక చేసిన పని. బుధవారానిది ఏమనాలి?

గురువారం పొద్దున పళ్లు తోముకుంటూ ఆమె వాకిట్లో పడిపోయింది. కళ్లు తేలేసింది, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ. నాయిన ఆటో తెచ్చాడు. నా ఒడిలో ఆమె తల. దారిలో రెండోసారి ఫిట్స్ వచ్చాయి. నాయనమ్మ చచ్చిపోతుంది, నేనే చంపాను అని అనుకున్నాను, పైకి మాత్రం "నాయనమ్మా, నాయనమ్మా" అని అరిచాను. దవాఖానలో డాక్టరు ఆమె కనురెప్పలు లేపి చూస్తూనే అడిగాడు: "కల్లు తాగుతదా? ఎన్నడు బంద్ చేసిండ్రు?"

"బంద్ చెయ్యలే సార్. దినాం తాగుతది. నిన్న గూడ తాగింది" అన్నాడు నాయిన.

"అబద్ధాలు చెప్పకు. ఒక్కపారి బంద్ పెడితేనే గిట్లయితది. నెలకు పది మందిని చూస్తున్న. తల్లిని చంపుకుంటవా?"

"నా బిడ్డ మీద ఒట్టు సార్, తాగింది" అని నాయిన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

ఆమె బతికింది. గోళీలు ఇచ్చి, వాటిని వారానికి కొంచెం తగ్గిస్తూ మాన్పించారు. ఆమె ఇంకా దవాఖానలో ఉండగానే, ఆ శనివారం ఎస్సై గారు వచ్చి, ఇంట్లో ఎవరి చేతైనా మాన్పించిన వాళ్లు లేవండి అన్నారు. నేనొక్కదాన్నే లేచాను. ఎందుకు లేచానో తెలీదు. అందరూ చప్పట్లు కొట్టారు. క్లాసయ్యాక జీపు దగ్గరికి పరుగెత్తి, ఫిట్స్ సంగతి చెప్పేశాను. ఆయన టోపీ తీశాడు. ఫైలు తెరిచి, అక్కడే బానెట్ మీద పెట్టి, ఒక్కో కాగితం తిప్పుతూ వేలితో వరుసలు చూసుకుంటూ పోయాడు. మొదటి నుంచి చివరి దాకా చూసి, "ఇందులో లేదమ్మా" అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు." ఆయన గొంతు మా తరగతిలో పాఠం అప్పజెప్పలేక దొరికిపోయిన పిల్లవాడి గొంతులా ఉంది. మిగిలిన శనివారాలకు ఇంకెవరో వచ్చారు. మరి ఆయన చెప్పింది తప్పా? తర్వాత డాక్టరే అన్నాడు, ఆ పొడి ఇంకో రెండేళ్లు ఒంట్లోకి పోయి ఉంటే మనిషి దక్కేది కాదని. నాయనమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. నేను బతికించానా, చంపబోయానా? రెండూనా? ముత్తమ్మ మాత్రం చివరిదాకా పోచమ్మే కాపాడిందంది, ఆ మాట కాదనడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

ఇంటికి తెచ్చిన నాలుగో రోజు, నేను నాయనమ్మ తల దువ్వుతుంటే, ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సీసల గంజి పొయ్యుమని మీ నాయిన చెప్పిండా?"

దువ్వెన ఆగిపోయింది. ఆమెకు మొదటి గుటకకే తెలిసిపోయిందన్నమాట! "మరెందుకు తాగినవ్ నాయనమ్మా?" అన్నాను.

"తాగకేం జేస్త? చేనున్నప్పుడు నా రెక్కల కష్టం, నా కల్లు. ఇప్పుడు ఇల్లు వానిదాయె. వద్దనుకున్నడు, నోటితోటి చెప్పనీకి సిగ్గయింది గావచ్చు. నేను మాత్రం ఏ మొఖం పెట్టుకోని అడుగుదు?"

"కాదు నాయనమ్మా, నేనే" అనాలి. అంతే. మూడు మాటలు. కానీ ఆ క్షణాన నాకు జీపు గుర్తొచ్చింది, డాక్టరు తిట్టు గుర్తొచ్చింది, నా తల మీది చెయ్యి గుర్తొచ్చింది. "ఆ, నాయిననే చెప్పిండు" అన్నాను. ఆమె తల ఊపింది, జడ నా చేతిలో కదిలింది. "మంచికే చెప్పిండు తియ్. వానితోని అనకు గీ సంగతి, బాధపడ్తడు" అంది.

ఆ రోజు నుంచి నాయనమ్మ మారింది. నాయినతో కోపంగా ఉండేది కాదు, అలా ఉన్నా బాగుండేది. అన్నిటికీ ఆయన్ని అడిగేది. చాయ్ పెట్టించుకోనా కొడకా? చెల్లె ఇంటికి పోయి రానా? ఇంకింత బువ్వ ఏసుకోనా? నూనె వాసన గురించి ఒక్కనాడూ మళ్లీ అనలేదు. ఆయన పక్కన కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చేది, చుట్టానికి ఇచ్చినట్టు. జబ్బుతో మెదడు చిన్నబోయిందని అమ్మ అనుకుంది. నాయిన ఏమనుకున్నాడో నాకు తెలీదు. ఆయన చీరలు తెచ్చేవాడు, దవాఖానకు తీసుకుపోయేవాడు, ఆమె కాళ్లు పట్టేవాడు. ఆమె "జర ఆగు కొడకా, నీకెందుకు తక్లీఫ్" అని కాళ్లు ముడుచుకునేది. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ ఉండగానే నా ఇంటరయింది, డిగ్రీ అయింది. ఆమె పోయింది.

పోయిన నెల ఆ క్లాసు అయ్యాక, అమ్మాయిని బడిలోనే వదిలి, నేనూ నాయినా కారులో తిరిగొస్తున్నాం. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉండుండి అన్నాడు: "గా ఎస్సై పోరి చెప్పింది ఇన్నవా? ఒక్కపారి బంద్ పెడితే పానం మీదికొస్తదట. డాక్టరు గూడ అప్పుడు గదే అన్నడు. మా అమ్మ దినాం తాగింది గదనే. ఎట్లయిందో ఇప్పటికి సమజ్ కాదు." కొంచెం ఆగి, "జబ్బు చేసినంక అమ్మ నన్ను పరాయోన్ని చేసింది బిడ్డా. నేనేం తప్పు చేసిన్నో ఆమెకే ఎరుక" అన్నాడు.

కారు పక్కకు తీసి ఆపాను. గంజి సంగతి చెప్పాను. బుధవారం సంగతి చెప్పాను. తల దువ్వుతూ నేనన్న మాట కూడా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. తిడతాడని ఎదురుచూశాను, తిట్టినా బాగుండేది. ఆయన నా వైపు తిరిగి, సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు, నెమ్మదిగా అడిగాడు.

"అంటే, నేనే బంద్ పెట్టించిన్నని అనుకుంటనే పోయిందా అమ్మ?"

"అవును నాయినా" అన్నాను.